జబ్బతో తుడుచుకున్న కన్నీళ్లు

నాటక పరిషత్తుల రోజులు ఎలా ఉండేవో రాయమని మీరు అడిగినప్పుడు నేను కప్పుల గురించీ షీల్డుల గురించీ రాస్తాననుకుని ఉంటారు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి నాకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ, జరగనివి కూడా గుర్తుంటాయి. నేను చెప్పేది నేను చేసిన ఒక వెధవపని సంగతి. ముప్ఫై ఏళ్లకు పైగా రకరకాల ఆఫీసుల్లో గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరయ్యాను. ఎక్కడా ఒక్క మెమో తీసుకోలేదు. కానీ మొట్టమొదటి ఉద్యోగంలో, నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను. దానికి ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇన్నాళ్లు మొయ్యకపోదును.

యాభైల చివరి మాట ఇది. మా ఊరు సత్తెనపల్లికి బస్సులో గంట ప్రయాణం. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు కూడా మా గుంటూరు జిల్లాలోనే ఉండేది. పత్తి తీతలై, మిరపకాయలు కల్లాల్లో నుంచి కొట్లలోకి చేరాక, రైతులకు కాస్త ఊపిరాడే వారంలో మా ఊళ్లో నాటక పోటీలు జరిగేవి. జిన్నింగు మిల్లు ఆవరణలో తాటాకు పందిరి. ఆరు రోజుల పాటు రోజుకు రెండు నాటకాలు. ఏడో రోజు పొద్దున బహుమతులు. ఊరూరా పరిషత్తులున్న కాలమే అయినా మా పరిషత్తుకి రావాలంటే నాటక సమాజాలు ముందు నుంచే రిహార్సళ్లు మొదలెట్టేవి.

ప్రెసిడెంటు గారు ఆ మిల్లు యజమాని. నాటకం మొదలైన పావుగంటకల్లా నిద్రపోయేవారు, కానీ ఆరు రోజులూ ముందు వరసలో కూర్చునే నిద్రపోయేవారు. సెక్రటరీ గారు ప్లీడరు. ఆయనకి అన్నం లేకపోయినా ఫరవాలేదు, రూలు ఉండాలి. జీతం తీసుకునే ప్రాణిని నేనొక్కణ్ణే. ఉత్తరాలు రాయడం, సమాజాలకు బస ఏర్పాటు చేయడం, జడ్జీలను చూసుకోవడం నా పని.

ఈ జడ్జీలను చూసుకోవడం అనేది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొంప మునిగింది అక్కడే. ముగ్గురినీ బయటి నుంచి, మద్రాసు, బెజవాడల నుంచి పిలిచేవాళ్లం. బస్సు దిగిన దగ్గర నుంచి తిరిగి ఎక్కేదాకా వాళ్లతో ఊళ్లో ఎవరూ మాట్లాడకూడదు. ప్రెసిడెంటు గారు కూడా దూరం నుంచి నమస్కారం పెట్టి ఊరుకోవాలి. వాళ్లతో మాట్లాడే అధికారం ఊరు మొత్తమ్మీద నా ఒక్కడికే. నాటకానికి ముందు ఏ పాత్ర ఎవరు వేస్తున్నారో రాసిన చీటీ తీసుకెళ్లి వాళ్ల చేతికిచ్చేది నేను. ఏదైనా మార్పు ఉంటే చెప్పేదీ నేనే. ఆఖరున వాళ్లు మార్కులు లెక్కేసి కవరు సీలు చేస్తే, అది ముఖ్య అతిథి అందరి ముందూ వేదిక మీదే చించాలి. అప్పటిదాకా ఫలితం దేవుడికి కూడా తెలియదు. ఇంత పకడ్బందీగా ఉండే పద్ధతిలో నేనొక్కణ్ణే కన్నం.

ఇక ప్రెసిడెంటు గారు, సెక్రటరీ గారి తర్వాత చెప్పాల్సిన మూడో ఆయన. ఆయనకి ఏ పదవీ లేదు. మిల్లు గేటు పక్కన రేకుల కొట్లో దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు. చిన్నా పెద్దా అందరికీ మామే. పగలంతా ఏకే విల్లు తీగ టుంయ్ టుంయ్‌మంటూ ఉండేది, ఆయన కనుబొమల మీద దూది పేరుకుపోయేది. అక్షరం ముక్క రాదు. ఎవరైనా రెండుసార్లు చదివి వినిపిస్తే నాటకమంతా ఒప్పజెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా మా ఊరి సమాజంలో ఆడవేషం ఆయనదే. కొంగు కొసని రెండు వేళ్లతో పట్టుకుని కంటి చివర అలా అద్దుకున్నాడంటే పందిట్లో ఆడవాళ్లంతా ముక్కులు చీదేవాళ్లు. మా అమ్మ ఆయన నాటకం చూసొచ్చి మర్నాడు అన్నం వారుస్తూ కూడా ఏడవడం నేను కళ్లారా చూశాను. డిగ్రీ తప్పి దారీ తెన్నూ లేకుండా తిరుగుతున్న నన్ను పరిషత్తులో పెట్టించింది కూడా ఆయనే. "అక్షరాలు ముత్యాల్లా రాస్తాడండీ, కాస్త తిక్కున్నా" అని సిఫారసు చేశాడట. ఆ తిక్క ఎంత దూరం పోతుందో ఆయనకీ తెలియదు.

ఆ ఏడు పోటీలకు మూడు నెలల ముందు సెక్రటరీ గారు నన్ను పిలిచి ఒక కొత్త నిబంధన చెప్పి రాయమన్నారు. ఈ సంవత్సరం నుంచి మా వేదిక మీద స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలి, పోటీలో మగవారు స్త్రీ పాత్ర వేస్తే ఆ నాటకానికి మార్కులుండవు, ఉత్తమ నటికి వెండి పతకం, మా వాడుకలో మెడలు, ఉంటుంది. అది వినగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మామ సంగతేంటండీ?" అన్నాను.

"రూలు రూలేనయ్యా. రాయి" అన్నారాయన, తలెత్తకుండా.

రాశాను. ఒకటికి నలభై కాపీలు రాశాను. రాసినంతసేపూ పట్నం పోకడలు అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. సాయంత్రం మామ కొట్టుకి వెళ్లి చెప్పాను. ఆయన విల్లు ఆపి, కనుబొమలు దులుపుకుని, "మంచిదేగా" అన్నాడు. మళ్లీ విల్లు అందుకున్నాడు. పాపం, దుఃఖాన్ని దిగమింగుతున్నాడనుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో ఎదుటివాళ్ల దుఃఖం మనకి వాళ్లకంటే బాగా తెలుస్తుంది కదా.

మా ఊరి సమాజానికి ఆడమనిషి కావాల్సి వచ్చింది. వారం తిరక్కుండా ఒకామెను తెచ్చారు. మిరపకాయల కొట్లో తాలుకాయలు ఏరి తొడిమలు తీసే ఆమె. ముప్ఫై ఏళ్లుంటాయి. చదువు లేదు. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం కొట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేది. ఆమెను ఎవరు తెచ్చారో, ఎవరు నేర్పుతున్నారో నేను అడగలేదు. మామ స్థానంలో వచ్చిందన్న కోపంతో ఆమె వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు.

దరఖాస్తు మీద వేలిముద్ర వేయించడానికి ఆమె భర్త వెంట వచ్చాడు. బండి తోలే మనిషి. చెడ్డవాడేం కాదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని సెక్రటరీ గారి ముందు నిలబడ్డాడు.

"మా వోళ్లంతా మొకాన ఉమ్మేస్తన్నారండీ. కొంపలో ఆడదాన్ని ఆటకత్తెని చేశావా అంటన్నారు. కళ అని నాకు తెలుసు, వాళ్లకెట్టా తెలుద్ది? పెద్దమనుషులు నలుగురిలో పిలిచి మెడలేస్తే నోరు మూస్తారు. మెడలొస్తే ఎన్ని నాటకాలన్నా ఆడనీండి, నేనే బండి కట్టి తీసుకొస్తా. రాపోతే మాత్రం ఇంక ఆ ఊసెత్తకూడదు. మా కులపెద్ద కాడ అట్టాగే మాటిచ్చొచ్చా."

ఆమె పక్కనే నిలబడి ఉంది. "నేను కూడా సరేనన్నానండీ" అంది నవ్వుతూ. ఆమెకు భయం లేదు. నేను అక్కడే కూర్చుని అదంతా విన్నాను. విన్నానని మీరు గుర్తుపెట్టుకోండి, నేను తర్వాత తెలియదనడానికి లేదు.

రెండో రోజు మొదటి నాటకం వాళ్లది. దీపాలు పెట్టే వేళకే పందిరి నిండిపోయింది. కొట్లలో పనిచేసే ఆడవాళ్లంతా వెనక గడ్డిమీద కూర్చున్నారు. నాటకంలో కొడుకు పోయిన వార్త వినే ఘట్టం ఉంది. మామ అయితే అక్కడ మోకాళ్ల మీద కూలబడి కొంగు అద్దుకునేవాడు. ఆమె కూలబడలేదు. చేతిలో ఉన్న చేట కింద పెట్టలేదు. తల పక్కకు తిప్పి, భుజం పైకెత్తి, కళ్లను జబ్బకేసి రుద్దుకుంది. అంతే. మళ్లీ చేట చెరగడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంత మొరటుగా ఏడ్చేవాళ్లు ఉంటారా అనుకున్నాను నేను. వెనక్కి తిరిగి ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కరు ముక్కు చీదలేదు. కళ్లార్పకుండా కూర్చుని ఉన్నారు. ఇంకేం, నాటకం తన్నేసిందని తేల్చుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంగోలు వైపు నుంచి ఒక సమాజం దిగింది. వాళ్ల కథానాయిక దిగలేదు. నెల్లూరు నుంచి విడిగా వస్తానందట, బస్సు తర్వాత బస్సు వచ్చింది గానీ ఆమె రాలేదు. వాళ్ల మేనేజరు సెక్రటరీ గారి కాళ్లమీద పడ్డంత పనిచేశాడు. పందిరి నిండా జనం వస్తారు, తెర లేవకపోతే గొడవైపోతుంది. ఆ నాటకం మామకి కంఠతా వచ్చు, రెండేళ్ల కిందట మా ఊరి సమాజం ఆడిందే. సెక్రటరీ గారు ఆలోచించి మామను పిలిపించారు.

"పోటీకి కాదు మామా, ఊరికే ప్రదర్శన. జనం నిరాశపడకుండా" అన్నారు.

మామ నా వైపు తిరిగి, "పోటీలో లేదని జడ్జీలకి చెప్పాలబ్బాయ్. చెబుతానంటేనే వేషం కడతా. లేపోతే నేను రాను" అన్నాడు.

"మైకులో మాత్రం చెప్పొద్దండీ, జనం వేళాకోళం చేస్తారు, నాటకం పాడవుద్ది" అన్నాడు మేనేజరు.

"సరే. జడ్జీలకి మాత్రం చెప్పు" అన్నారు సెక్రటరీ గారు నాతో. "మర్చిపోయేవు."

"ఎందుకు మర్చిపోతానండీ" అన్నాను.

చీటీ తీసుకుని జడ్జీల దగ్గరికి నడిచాను. మిల్లు గేటు నుంచి వాళ్ల కుర్చీల దాకా వంద అడుగులుంటుంది. ఆ వంద అడుగుల్లో నా బుర్రలో పురుగు తొలిచింది. ఇదే ఆయన ఆఖరి వేషం. ఇరవై ఏళ్లు ఆడి ఒక్క మెడలు లేదు, అప్పటిదాకా ఆడవేషానికి విడిగా బహుమతే లేదు. జడ్జీలకు తెలియకుండా చూస్తే ఏమవుతుంది? ఆయన ముందు ఏ ఆడది నిలుస్తుంది? చీటీలో ఆ రాని నటి పేరే ఉంది. పేరు పిలిచినప్పుడు నేనే మైకు అందుకుని "ఆమె కాదండీ, మన మామ!" అంటాను. పందిరి ఎగిరిపోతుంది. ఆ రూలు గాలికి కొట్టుకుపోతుంది. ఇదీ నా పథకం. మిరపకొట్టు ఆమె గుర్తు రాలేదా అంటే వచ్చింది. వచ్చిందనే చెబుతున్నాను. తొడిమలు తీసే మనిషికి మద్రాసు జడ్జీలు ఎలాగూ మెడలివ్వరులే అనుకున్నాను. చీటీ చేతికిచ్చాను.

"మార్పులేమైనా ఉన్నాయా?" అని అడిగారు పెద్ద జడ్జీ గారు.

"లేవండి" అన్నాను.

ఆ రోజు మామ చేసిన నటన మళ్లీ నేను ఎక్కడా చూడలేదు. కొంగు అద్దుకున్నప్పుడు పెద్ద జడ్జీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఏడో రోజు పొద్దున పది గంటలకు బహుమతుల సభ. ఆమె ముతక చీర ఉతికి కట్టుకుని, తల్లో బంతిపూలు పెట్టుకుని భర్త పక్కన కూర్చుంది. వాళ్ల కులపెద్ద, చుట్టాలు ఓ పదిమంది వెనక వరసలో ఉన్నారు. మామ ఓ మూల గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖ్య అతిథి గారు కవరు చించి ఒక్కొక్కటే చదివారు. ఉత్తమ నటి దగ్గరికి వచ్చారు. చదివారు. ఆ రాని నటి పేరు.

నా పథకం ప్రకారం నేను మైకు అందుకోవాలి. అందుకోలేదు. నేను చూస్తున్నది వేదిక వైపు కాదు, ఆమె వైపు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు, ఇంకా అదే నవ్వుతో వేదిక వైపే చూస్తోంది, అర్థం కానట్టు. బండి తోలే అతను తలగుడ్డ చుట్టుకున్నాడు. "లెగు" అన్నాడు మెల్లగా. లేచింది. వాళ్ల వెనకే ఆ పదిమందీ లేచారు. ఇవతల ఆ ఒంగోలు మేనేజరు పళ్లికిలిస్తూ ఆవిడ తరఫున తీసుకుంటానని వేదిక ఎక్కుతున్నాడు.

"ఆగండయ్యా!" అని మూల నుంచి కేక. మామ. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "ఆవిడ ఊళ్లోకే రాలేదు. ఆ వేషం కట్టింది నేను."

జడ్జీలు ముగ్గురూ కుర్చీల్లో నుంచి లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు, పరిషత్తు పుట్టిన పన్నెండేళ్లలో మొదటిసారి, పూర్తిగా మేలుకున్నారు. మామ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అబ్బాయ్, నువ్వు చెప్పలేదా?"

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెప్పడానికి అదొక్కటే అవకాశం. నేనేం చెప్పానో తెలుసా?

"మర్చిపోయానండి" అన్నాను.

జడ్జీలు అక్కడే లెక్క తిరగేశారు. మామ పేరు తీసేస్తే తర్వాత మార్కులు మిరపకొట్టు ఆమెవి. ఒక్క మార్కు తేడా. మైకులో ఆమె పేరు పిలిచారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎవరో పరుగెత్తి వెళ్లి బండిని ఊరి చివర అందుకున్నారు. వెనక్కి రాలేదు. ఆ కులపెద్ద అన్న మాట మోసుకొచ్చారు. "ఒకళ్ల పేరు చదివి, అల్లరైనాక ఇంకొకళ్లకిస్తే అది బిచ్చమయ్యా, బహుమతి కాదు" అన్నాడట.

మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు నన్ను మిల్లు ఆఫీసులోకి పిలిచారు. సెక్రటరీ గారు తల పట్టుకుని కూర్చున్నారు. మామ కింద గోడకి ఆనుకుని కూర్చున్నాడు, కుర్చీ వేస్తానన్నా కూర్చోలేదు. ప్రెసిడెంటు గారు బీరువా తెరిచి ఒక పాత మినిట్సు పుస్తకం తీసి బల్లమీద విసిరారు. నేను రాస్తున్నది మూడో పుస్తకం. ఇది మొదటిది, నేనెప్పుడూ చూడలేదు.

"మొదటి పేజీ చదవరా. పైకి చదువు."

చదివాను. "మన పొలాల్లోను, కొట్లలోను పనిచేసే ఆడపడుచు ఒక్కతె అయినా తన ఇష్టంతో వేదిక ఎక్కడం ఈ పరిషత్తు ఉద్దేశం. ఆమె ఎక్కిన ఏటి నుంచి ఇక్కడ పోటీలో మగవాడు ఆడవేషం కట్టరాదు." కింద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర.

"ఆ ముక్క చెప్పింది నేను కాదు. ప్లీడరు గారూ కాదు" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఆ వేలిముద్ర ఎవరిదో చూడు. ఆయన కొట్టు అరుగు మీదే మొదలెట్టాంరా దీన్ని. ఆయన చెబితేనే నేను మిల్లు ఇచ్చా. పన్నెండేళ్లు ఎదురుచూశాం ఒక్క మనిషి కోసం. ఆమె ఒప్పుకున్నాకే ప్లీడరు గారు నీచేత ఆ రూలు రాయించారు. ఆమెని తెచ్చిందెవరనుకున్నావ్? రోజూ కొట్టు మూసినాక మూడు నెలలు కూర్చుని నేర్పిందెవరు?"

ఎవరికి అన్యాయం జరిగిందని నేను కుమిలిపోయానో ఆ రూలు ఆయనదే. "మంచిదేగా" అన్నది దుఃఖం కాదు, నిజంగా మంచిదే అని.

మామ నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఒకప్పుడు నా నాటకం చూసి ఒక కూలామె వచ్చింది. బాగా ఏడ్చావయ్యా, కానీ మేం అట్టా ఏడవం అంది. మరెట్టా ఏడుస్తారమ్మా అన్నా. నవ్వింది. మిరపకాయల చేతుల్తో కళ్లెవరు తుడుచుకుంటారయ్యా, జబ్బకేసి రుద్దుకుంటాం అంది. మేం ఆడదాని ఏడుపు ఏడుస్తన్నామని ఊరేగుతుంటే, ఊళ్లో ఒక్క ఆడదీ అట్టా ఏడవదంట! అప్పట్నించీ కొంగు పట్టుకుంటే నాకు సిగ్గు."

"మరి మీరూ అట్లాగే చెయ్యొచ్చుగా మామా?" అన్నాను.

"చేశా ఒకసారి. గొల్లున నవ్వారు. నేను చేస్తే అది వెక్కిరింపు. వాళ్లు చేస్తేనే నిజం."

జడ్జీల చీటీలు ఫైలు చేయడం నా పని. ఆ సాయంత్రం విప్పాను. ఆమె పేరు ఎదురుగా పెద్ద జడ్జీ గారి చేతిరాత. "గొంతు బాగున్నది. అయితే కన్నీరు తుడుచుకొను తీరు సహజముగా లేదు. స్త్రీలు ఆ విధముగా చేయరు." ఆ ఒక్క మార్కూ అక్కడే పోయింది. మద్రాసు నుంచి వచ్చిన మగవాళ్లు స్త్రీలు ఎలా ఏడవరో రాసి సంతకం పెట్టారు. వాళ్లను అనడానికి నాకేం హక్కుంది? నేను ఈ మిరప నేల మీదే పుట్టాను. మా అమ్మ ఎండుమిరపకాయలు దంచేటప్పుడు ఎన్నిసార్లు భుజానికి కళ్లు రుద్దుకుందో లెక్కలేదు. రోజూ చూసిందే, వేదిక మీద కనిపించేసరికి మొరటు అనిపించింది. వెనక గడ్డిమీద కూర్చున్న ఆడవాళ్లు ఎందుకు ముక్కులు చీదలేదో అప్పుడు తెలిసింది. వాళ్లు నాటకం చూడ్డం లేదు, వాళ్లింటి మనిషిని చూస్తున్నారు.

బయటికొస్తుంటే మామ గేటు దగ్గర ఆగాడు. "నువ్వు మర్చిపోలేదురా" అన్నాడు. "నాకు మేలు చేద్దామనుకున్నావు. నిన్ను అడిగానా నేను?" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఓ దెబ్బ తిని మర్చిపోయేవాణ్ణి.

మర్నాడు మెడలు పెట్టె జేబులో వేసుకుని మిరపకాయల కొట్టుకి వెళ్లాను. నలభైమంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఎర్రటి రాశుల మధ్య కూర్చున్నారు. ఘాటుకి నాకు గుమ్మంలోనే దగ్గొచ్చింది. ఆమె నన్ను చూసి చోటిచ్చి, "కూర్చోండి గుమస్తా గారూ" అంది. కూర్చున్నాను. రాశిలో నుంచి కాయలు తీసి తొడిమలు తుంచుతూ ఉండిపోయాను. చివరికి చెప్పాను. మర్చిపోలేదని, తెలిసే చెప్పలేదని, ఆమెకు ఎలాగూ రాదనుకున్నానని. ఈ నిజం నేను చెప్పింది ఆమె ఒక్కదానికే. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"రాదనుకున్నారా" అంది. అంతే అంది.

మెడలు పెట్టె ముందు పెట్టాను. తీసుకోలేదు. "ఆయన మాటిచ్చాడండీ నలుగురిలో. మాట పోతే మగోడు తలెత్తుకోలేడు. మీ బీరువాలోనే ఉంచండి" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చెయ్యెత్తి కళ్లు తుడుచుకున్నాను. మిరపకాయల చేత్తో! అమ్మో, నిప్పుకణికలు పెట్టినట్టయింది. కేక పెట్టి లేచాను. నలభైమందీ పనులు మానేసి పడీపడీ నవ్వారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. ఆమె నా మణికట్టు పట్టుకుని చెయ్యి కిందకి లాగింది.

"చేత్తో కాదయ్యా, జబ్బకేసి రుద్దుకోండి. ఇట్టా" అని తల తిప్పి, భుజం ఎత్తి చూపించింది. రెండో రోజు నాటకంలో చేసినట్టే చేసింది. కానీ ఈసారి ఆమె జబ్బ మీద చీర తడిసింది. "మీ జడ్జీలని కూడా ఒకసారి ఇక్కడికి తీసుకురావాల్సింది" అంది. మళ్లీ అందరూ నవ్వారు.

ఆమె మళ్లీ వేదిక ఎక్కలేదు. మామ కూడా ఎక్కలేదు, అడిగితే "అయిపోయిందిగా" అనేవాడు. ఆ తర్వాత నేనున్న రెండేళ్లూ రూలు ప్రకారం అన్ని సమాజాలూ ఊళ్లు తిరిగే నటీమణులను తెచ్చుకున్నాయి. వాళ్లూ బాగా చేశారు. అందరూ కొంగుతోనే ఏడ్చారు. ఆ రెండో ఏటి పోటీలయ్యాక వేరే ఊళ్లో గుమాస్తా ఉద్యోగం దొరికి నేను వెళ్లిపోయాను. మామ పోయినప్పుడు కబురు ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏటి సభ గురించి మినిట్సు రాసింది కూడా నేనే. సెక్రటరీ గారు చెబుతుంటే రాశాను. "గుమాస్తా జడ్జీలకు తెలుపుట మరచిపోవుటవలన పొరపాటు జరిగినది" అని. ముత్యాల్లాంటి అక్షరాలు. కింద మామ వేలిముద్ర వేశాడు. వేసేముందు ఏం రాశావో చదివి వినిపించమన్నాడు. వినిపించాను. నా మొహంలోకి చూసి బొటనవేలు సిరాలో ముంచాడు.

ఆ మూడో పుస్తకం ఇంకా ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. మీలో ఎవరి కంటన్నా పడితే ఒక్క సాయం చేయండి. ఆ వాక్యంలో "మరచిపోవుటవలన" అన్నది కొట్టేసి, పైన "తెలిసి తెలిసి చెప్పకపోవుటవలన" అని రాయండి. వేలిముద్ర జోలికి మాత్రం వెళ్లకండి.